దోషము రైతు అజాగ్రత్తది కాదు

సంపాదకులకు,

పురుగుమందుల వలన రైతులు రోగగ్రస్తులగుటకు వారి అజాగ్రత్తయే మూలమనియు, ముఖమునకు గుడ్డయు చేతులకు తొడుగులును ధరించినచో ఆపద తొలగుననియు గత సంచికలోని వ్యాసకర్త వ్రాసిన మాట సత్యదూరము. పత్తికి మందు కొట్టు భాద్రపదపు ఉక్కలో, నిండు పంపు వీపున మోయుచు చెమటతో తడిసిన మనిషి రబ్బరు తొడుగులను పూటంతయు భరింపజాలడు. మోనోక్రోటోఫాస్ వంటి విషము ఊపిరితోనే కాక చర్మము గుండ కూడ దేహమున ప్రవేశించును. మందు తడి అంటిన చొక్కాను నూతి దగ్గర ఉదుకు ఇల్లాలికిని, మరునాడే ఆ సాళ్లలో వంగి కలుపు తీయు కూలి స్త్రీకిని ఏ తొడుగు రక్షణ?

ఇక పురుగుమందు లేనిదే పత్తి లేదన్న వాదమునకు పాల్వంచ ప్రాంతపు పునుకుల గ్రామమే ప్రత్యుత్తరము. వేపగింజల కషాయము, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలు ఆధారముగా సేద్యము సాగించి, ఆ ఊరి రైతులు 2004లో తమ గ్రామమును పురుగుమందులు లేనిదిగా ప్రకటించుకొనిరి. రోగభారమును రోగిపైననే మోపుట మాని, ఇట్టి సేద్యమును ప్రతి మండలమునకు చేర్చు బాధ్యతను వ్యవసాయశాఖ వహింపవలెనని అడుగుట న్యాయము.

— ఒక పత్తి రైతు, ఖమ్మం జిల్లా