నాలుగడుగుల బల్లమీది రైలుమార్గము

గత సంవత్సరము వార్షికోత్సవమునకు ముందు తొమ్మిదవ తరగతి బాలురు ఏడుగురు చేవ్రాళ్లు చేసి ఉపాధ్యాయ సభకు ఒక విజ్ఞాపనమును పంపిరి. ప్రదర్శనమునకై తామొక నమూనా రైలుమార్గమును నిర్మింతుమనియు, అందులకు ఒక గది నిప్పింపవలసినదనియు వారి కోరిక. సభవారు దానిని విచారించి, గది లేదు గనుక వీలుపడదని వ్రాసి త్రిప్పి పంపిరి. ఆ తీర్మానమును ప్రతిపాదించిన వాడను నేనే. ఈ సంవత్సరము అదే విజ్ఞాపనము మరల రానున్నది. దానిని త్రోసివేయవలదని కోరుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. తన తీర్మానమును తానే ఖండించుట వింతగా తోచవచ్చును. కాని లెక్క తప్పినదని తెలిసిన పిదప దానిని చెరిపి వేయుడని ప్రతిదినము పిల్లలకు చెప్పువాడను. నేను మాత్రము చెరుపకుండుట ఎట్లు?

చోటు లేదని నేననుటకు నా యింటి అనుభవమే కారణము. కొన్ని యేండ్ల క్రిందట మా చిన్నవానికి ఒక రైలు పెట్టెను కొని తెచ్చితిని. అందలి పట్టాలు కలిపినచో ఒక గుండ్రని చుట్టు ఏర్పడును. ఆ చుట్టు వ్యాసార్ధము 438 మిల్లీమీటరులు. అనగా అడ్డము 876. అంచులకు కొంత విడిచిన యెడల మూడడుగులకు మించిన చదరపు బల్ల కావలెను. రెండు గదుల యింటిలో అట్టి బల్ల నెచ్చట నుంతును? ప్రతి సాయంకాలము నేలపై పట్టాలు పరచుట, రాత్రి పడకలు వేయు వేళకు విప్పి పెట్టెలో సర్దుట, ఇదియే మా పనియయ్యెను. మూడవ వారమునకు ఆ పెట్టె అటకెక్కినది. చోటులేని యింటికి రైలెందులకని మా యింటివారు అనిరి. నేనును అదియే నిజమని నమ్మితిని.

ఇప్పుడాలోచింపగా, తప్పు చోటుది కాదు, ఆ చుట్టుది. బండి బయలుదేరిన చోటికే వచ్చును, మరల బయలుదేరును. బాలునకు మీట త్రిప్పి చూచుచుండుట తప్ప పని లేదు. మా వాడు మూడవ దినముననే విసిగెనను సంగతిని నేనప్పుడు గమనింపనైతిని. పడకల తొందర లేకున్నను ఆ పెట్టె అటకెక్కియే యుండును.

మన బాలురును అదే పొరపాటు చేసిరి. విజయవాడ మొదలు రాజమహేంద్రవరము వరకు, గోదావరి వంతెనతో కూడ నిర్మింతుమని పటము గీసి పంపిరి. దీనిని లెక్కకు తెత్తము. బజారులో దొరకు నమూనాలలో హెచ్.ఓ. అను కొలత మిక్కిలి ప్రసిద్ధము. దానియందు ప్రతి వస్తువును నిజమైన దానిలో 87వ వంతు. 1997లో పూర్తియైన గోదావరి కమాను వంతెన పొడవు సుమారు 2.7 కిలోమీటరులు, 87చే భాగించినచో 31 మీటరులు వచ్చును. మన ప్రార్థన మందిరముయొక్క ఒక గోడనుండి బయలుదేరి రెండవ గోడను చీల్చుకొని పోవును. వంతెన మాట అటుంచుడు. 24 పెట్టెల ఎక్స్‌ప్రెస్ బండియే నమూనాలో దాదాపు 22 అడుగులుండును. తొమ్మిదవ తరగతి గది పొడవు 20 అడుగులే. కావున వారు కోరిన దానికి చోటులేదని మేమన్నది నిజమే. వారు కోరదగినది వేరొకటి కలదని చెప్పకపోవుటయే మా లోపము.

రైలనగా పరుగెత్తునదని మాత్రమే మన మెరుగుదుము. నా బాల్యమున మా తండ్రిగారు ఉపదేశకులుగా నుండిన యూరి స్టేషనులో నేను చూచిన రైలు వేరు. మధ్యాహ్నపు గూడ్సు వచ్చి నిలిచినప్పుడు ఇంజనును విప్పి, కావలసిన వ్యాగనులను మాత్రము వెనుకకు ముందుకు నడిపి, సిమెంటు వ్యాగనును గోదాము నొద్దను, ఖాళీ వ్యాగనును వేరు పట్టాపైనను విడిచెడివారు. పాయింట్స్‌మాన్ పచ్చజెండా ఊపుచు పరుగిడుచుండెను. ఇదియే షంటింగు. నేడు గూడ్సు బండ్లు ఒకే సరకుతో, ఒకే వరుసగా, గనినుండి కర్మాగారమునకు పోవుచున్నవి గనుక చిన్న స్టేషనులలో ఈ దృశ్యము మన బాలురకు కానరాదు. ఈ పనికి దూరము అక్కరలేదు. నాలుగడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు చాలును.

ఈ సంగతి ఇంగ్లండు దేశస్థుడైన అలాన్ రైట్ అనువాడు నిర్మించిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్ అను చిన్న నమూనా వలన నాకు బోధపడినది. దానియందు పాయింట్లు రెండే, దారులు మూడే. మొదటి దారిలో ఐదు వ్యాగనులు పట్టును. తక్కిన రెండింటిలో మూడేసి పట్టును. ఇంజను వెనుకకు ముందుకు పోవుటకు విడిచిన దారిని రైల్వేవారు షంటింగు నెక్ అందురు. అందులో ఇంజనుతో కూడ మూడు వ్యాగనులు మాత్రమే నిలుచును. మొత్తము వ్యాగనులు ఎనిమిది. ఎనిమిది చీట్లపై వాని గురుతులు వ్రాసి, కలిపి, ఐదింటిని తీయవలెను. తీసిన వరుసలోనే ఆ ఐదు వ్యాగనులు మొదటి దారిలో నిలుచునట్లు చేయుటయే ఆట.

వినుటకు ఇది చంటిపిల్లల ఆటవలె నుండును. కూర్చుండి ఆడి చూడుడు! మూడు దారులలో కలిపి 11 వ్యాగనులకు చోటు, ఉన్నవి ఎనిమిది. అనగా ఖాళీలు మూడే. కావలసినది రెండవ దారి చివర రెండింటి వెనుక చిక్కియున్నదనుకొందము. దానిని తీయవలెనన్న ముందున్న రెండింటిని కూడ లాగవలెను. లాగగనే నెక్ నిండిపోవును. ఇక ఆ రెండింటిని ఎచ్చట విడువవలెను? మూడవ దారిలో విడిచినచో, అచ్చటినుండి రేపు తీయవలసిన దానికి అవియే అడ్డగును. నెక్ మరికొంత పొడవుగా నుండినయెడల వరుసనంతను ఒక్కసారిగా లాగవచ్చును. అప్పుడు ఆటయందు రుచి యుండదు. చోటు చాలకపోవుటయే దీనికి ప్రాణము. చీట్లు పడు వరుసలు ఎన్నియో ఉన్నత తరగతుల బాలురు లెక్కింపగలరు: 8×7×6×5×4, అనగా 6,720. దినమునకొకటి చొప్పున ఆడినను 18 సంవత్సరములకు పైగా పట్టును. మా చిన్నవాని చుట్టు మూడు దినములలో తీరిపోయినది.

చోటులేని వారే ఇట్టివాని నాశ్రయింతురని తలపరాదు. కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ అలెన్ అను నతడు తన యింటి నేలమాళిగ నంతయు నింపిన గొప్ప రైలుమార్గమును నిర్మించెను. అతడే టైంసేవర్ అను చిన్న షంటింగు ఆటను కల్పించి 1972లో ప్రకటించెను. 1945లో మొదలుకొని రైలు కథలు ప్రచురించిన రెవరెండు ఆడ్రీగారును మోసికొనిపోదగిన చిన్న మార్గమును నిర్మించి ప్రదర్శనములకు తీసికొనిపోయెడివారు.

మన బాలురు ఏ స్టేషనును ఎన్నుకొనవలెనను విషయమున నా కొక పక్షపాతము కలదు. శ్రీకాకుళము జిల్లాలోని నౌపడనుండి పర్లాకిమిడికి 1900లో ప్రారంభమై, 1931 నాటికి గుణుపురము చేరిన చిన్న గేజి మార్గము, అనగా రెండున్నర అడుగుల మార్గము, ఉండెడిది. దానిని 2004లో మూసి, బ్రాడ్‌గేజిగా మార్చి 2011లో తెరచిరి. ఆ పాత చిన్న బండియే మనకు తగినది. కారణము లెక్కయే. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటరులు. 87వ వంతు 19.3. బజారులోని హెచ్.ఓ. పట్టాల మధ్య దూరము 16.5 మాత్రమే గనుక మన పెద్ద బండ్లు వానిపై ఇరుకు కాళ్లతో నిలిచినట్లుండును. చిన్న గేజి 762. 87వ వంతు 8.76. ఎన్ అను కొలత పట్టాలు 9 మిల్లీమీటరులు. ఇంచుమించు సరిపోయినది కదా! పైగా చిన్న గేజి బండ్లు పొట్టివి, వంపులు బిగువైనవి. అడుగు వెడల్పులో ఇముడును.

పనితనమును గూర్చి రెండు హెచ్చరికలు. సముద్రపు గాలి తగులు మన ఊరిలో ఉత్త ప్లైవుడ్ పలక ఒక వర్షకాలమునకే మెలితిరుగును. అడుగున కొయ్యచట్రము బిగించి, రెండువైపుల రంగు వేయవలెను. పట్టాల అతుకుపై వ్రేలితో రాచి చూడవలెను. గోటికి తగిలినది చక్రమునకును తగులును. విద్యుత్తు 12 వోల్టులే గనుక తల్లులు భయపడనక్కరలేదు. చెట్లు, గడ్డి, గోదాము కప్పు మొదలగునవి రంపపు పొట్టుతోను అట్టముక్కలతోను చేయవచ్చును. వానిని గూర్చి పిల్లలకు నేను చెప్పవలసిన పనిలేదు.

ఇది చదువును చెరచునని కొందరు తండ్రులు నాతో అనిరి. మా శిక్షణ కళాశాలలో నిష్పత్తుల పాఠమునకు నేను గీసిన పటములన్నియు కలిపినను, పైన చెప్పిన 8.76 నేర్పినంత నేర్పలేదని మాత్రము వారికి మనవి చేయుచున్నాను. ఖర్చు మాటకు వచ్చినచో, తొలుత కాసు అక్కరలేదు. సుద్దతో బల్లపై మూడు గీతలు, ఎనిమిది అగ్గిపెట్టెలు, ఇంజనుకు బదులొక రబ్బరు తుండు. ఆట నచ్చిన పిదపనే పట్టాలు కొనవచ్చును.

చిత్రలేఖనపు గదిలో పటముల అలమార యొక్క పైభాగమును నేను కొలిచి చూచితిని. నాలుగున్నర అడుగుల పొడవు, పదునాలుగు అంగుళముల వెడల్పు. ప్రస్తుతమచ్చట చినిగిన ఆసియా పటమును, ఇరుసు విరిగిన భూగోళమును ఉన్నవి. వానికి వేరుచోటు నేను చూపెదను. సభవారు జాగు చేయవలదు. విజ్ఞాపనము పంపిన ఏడుగురును ఇప్పుడు పదవ తరగతిలో నున్నారు, మార్చి దాటిన పిదప ఇచ్చట నుండరు. గడచిన శుక్రవారము వారిలో నిద్దరు విరామవేళ నా బల్లపై అగ్గిపెట్టెలు పేర్చి నన్ను ఆడుమనిరి. గంట కొట్టువరకు పెనగులాడియు నాలుగవ పెట్టెను దాని చోట చేర్చలేకపోతిని. చీట్లు నా దగ్గరనే యున్నవి. సోమవారము మరల కూర్చుందుమని మాట యిచ్చితిని.