బ్రూస్ లీ తోడుపెళ్లికొడుకు

నా దగ్గర పదవ తరగతి చదువుకొని, ఇప్పుడు తానే ఇద్దరు బిడ్డల తండ్రియైన పూర్వవిద్యార్థి ఒకడు మొన్న ఇంటికి వచ్చాడు. మాటల మధ్య, "మాస్టారూ, జాతిగౌరవమంటే బ్రూస్ లీదండీ. పార్కు గుమ్మం మీది బోర్డును ఒక్క తన్నుతో ముక్కలు చేశాడు. మనకూ అలాంటివాడొకడు పుట్టాలి" అన్నాడు. కాఫీ ఇచ్చి పంపివేశాను గాని, ఆ మాట నన్ను విడువలేదు. ఎదుట చెప్పవలసినది చెప్పలేకపోయిన సిగ్గుతో ఇది వ్రాస్తున్నాను.

అతడు చెప్పినది 1972 నాటి 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ' లోని సన్నివేశం. షాంఘై నగరంలోని ఉద్యానవనంలోకి కుక్కలనూ చైనీయులనూ రానీయమని ఫలకం. కథానాయకుడు ఎగిరి దానిని తన్నుతాడు. కుర్రతనంలో నేనూ ఆ సన్నివేశానికి ఈల వేసినవాడినే. (తెలుగు పండితుడు ఈల వేయరాదని ఏ శాస్త్రమూ చెప్పలేదు.) కాని నా శిష్యుడు మరచిన సంగతి ఒకటి ఉన్నది. ఆ గుమ్మం దగ్గర అతడిని అడ్డగించిన కాపలావాడెవడు? తలపాగా చుట్టిన సిక్కు! మనమేమో తన్నినవాడిలో మనలను చూచుకొని మురిసిపోతున్నాము. ఆ చిత్రం మన దేశస్థుడిని నిలబెట్టినది గుమ్మానికి ఆవలి పక్కన.

ఆ చిత్రంలో ప్రధాన ప్రతినాయకులు జపానువారు. మరి 1964 ఆగస్టులో సియాటిల్ నగరంలో బ్రూస్ లీ లిండా ఎమరీని వివాహమాడినప్పుడు తోడుపెళ్లికొడుకుగా పక్కన నిలిచినదెవరు? టాకీ కిమురా అనే జపాను సంతతివాడు. ఈ సంగతి తెలిసినవారు ఎందరు?

కిమురా వాషింగ్టన్ రాష్ట్రంలోనే 1924లో పుట్టిన అమెరికా పౌరుడు. అయినా 1942లో జపాను రక్తం ఉన్నదన్న ఒకే కారణంతో అమెరికా ప్రభుత్వం సుమారు 1,20,000 మందిని ముళ్లకంచెల వెనుక బంధించినప్పుడు అతడినీ బంధించింది. బయటికి వచ్చిన తరువాత ఆత్మవిశ్వాసం పూర్తిగా పోయి, తల ఎత్తి నలుగురిలో నడువలేని స్థితిలో ఉండేవాడినని ఆయనే తరువాత చెప్పుకొన్నాడు. అటువంటి మనిషికి, తనకన్న పదహారేండ్లు చిన్నవాడైన ఒక చైనీయ యువకుడు గురువైనాడు. ఆ యువకుడి శైశవం గడిచినది జపాను సైన్యం ఆక్రమించిన హాంకాంగులో. పగ పట్టవలసివస్తే కారణానికి కొదువ లేదు. పగ పట్టలేదు, పాఠం చెప్పాడు.

1959లో అమెరికాకు వచ్చి, సియాటిల్‌లో ఒక భోజనశాలలో పనిచేస్తూ బ్రూస్ లీ ప్రారంభించిన ఆ తరగతిని చూడండి. మొదటి శిష్యుడు జెస్సీ గ్లోవర్, నల్లజాతివాడు. చిన్నతనంలో తాగిన పోలీసు ఒకడు కొట్టగా దవడ విరిగినవాడు. అతడి తరువాత తెల్లవారు, జపాను సంతతివారు, చైనా సంతతివారు, ఎవరు వస్తే వారు. నలభై ఏండ్ల నా ఉపాధ్యాయ జీవితంలో, ముందు వరుసలో ఎవరిని కూర్చోబెట్టాలి, వెనుక ఎవరిని కూర్చోబెట్టాలి అని పెద్దలు పెట్టిన పంచాయితీలు ఎన్నో చూచినవాడిని గనుక, ఆ తరగతి గది నాకు ఏ సినిమా పోరాటం కన్నా పెద్దదిగా కనబడుతుంది.

పరాయివారికి విద్య చెప్పినందుకే 1964లో ఓక్లాండులో వాంగ్ జాక్ మాన్‌తో అతడు పోరాడవలసి వచ్చిందని లిండా వ్రాసింది. కారణం అది కాదని వాంగ్ పక్షం వాదన. ఆ తగవు నాకు అక్కరలేదు. తరగతిలో కూర్చున్నవారి ముఖాలే నాకు చాలిన సాక్ష్యం. తల్లి వైపు ఐరోపా రక్తం ఉన్నదని హాంకాంగులో తోటి శిష్యులే అతడితో సాధన చేయనన్నారని కూడా చెబుతారు. మనలో ఏకలవ్యుడి కథ తెలిసినవారికి ఇందులో వింత ఏమున్నది? గుమ్మం మీద ఫలకం పరాయివాడే పెట్టనక్కరలేదు.

"అయితే అతడికి కోపమే లేదంటారా?" అని నా శిష్యుడు అడుగవచ్చు. ఉన్నది, ఉండవలసినదే. 1966లో టెలివిజన్‌లో అతడికి దక్కినది కారు నడిపే సేవకుడు కేటో వేషం. 1972లో వచ్చిన 'కుంగ్ ఫూ' ధారావాహికలో షావొలిన్ సన్యాసి పాత్రకు అతడిని కాదని, చైనా రక్తపు చుక్క లేని డేవిడ్ కారడైన్‌ను తీసుకొన్నారు. అటువంటి అవమానం మింగుమని ఎవరికీ చెప్పను. 1970లో నడుము దెబ్బతిని, ఇక తన్నలేవని వైద్యులు చెప్పగా, మంచాన పడి కూడా చదివి, వ్రాసి, మళ్లీ లేచి నిలిచిన మొండివాడతడు. ఆ మొండితనాన్నీ కోపాన్నీ కలిపి తెర మీద పెట్టాడు. మనం ఆ తెర మీదిదే తెచ్చుకొని, ఆ కోపానికి పొరుగువాడి పేరు తగిలించి, జాతిగౌరవమని పేరు పెట్టుకొన్నాము. అభ్యంతరం నాకు అక్కడ.

1973 జూలై 20న, 32 ఏండ్లకే, అతడు పోయాడు. సియాటిల్‌లో శవపేటికను మోసినవారిలో కిమురా ఒకడు. ఆ తరువాత ఏండ్ల తరబడి లేక్ వ్యూ శ్మశానంలో ఆ సమాధిని శుభ్రం చేస్తూ వచ్చినవాడూ ఆయనే. తన తొంబదుల వయస్సులో, 2021లో, కన్నుమూశాడు.

నా శిష్యుడు వచ్చే ఆదివారం మళ్లీ వస్తానన్నాడు. ఈసారి కాఫీకి ముందే ఆ కాపలావాడి సంగతి అడుగుతాను.