నిలకడ లేని తరమా?

"ఈ కాలం వాళ్ళకి ఉద్యోగంలో నిలకడ లేదండీ!" అమెరికాలో మన వారాంతపు విందుల్లో తరచు వినిపించే మాట ఇది. 1981-96 మధ్య పుట్టినవారిని ఇక్కడ మిలీనియల్స్ అంటారు. వీళ్ళేమీ పసివాళ్ళు కారు. కొందరికి నలభై దాటింది. కన్సల్టెంటుగా నేను వెళ్ళే ఆఫీసుల్లో టీమ్ లీడ్లు, మేనేజర్లు ఎక్కువగా వీళ్ళే.

నిలకడ మీద నిజం తెలుస్తుందంటారు కదా, ముందు లెక్కలు చూద్దాం. అమెరికా కార్మిక శాఖ గణాంకాల్లో, 2024 జనవరి నాటికి 25-34 ఏళ్ళ ఉద్యోగుల్లో సగం మంది ఒక కంపెనీలో చేరి 2.7 ఏళ్ళు కూడా కాలేదు. 1983లో అదే వయసు వారికి ఆ లెక్క 3 ఏళ్ళు. నలభై ఏళ్ళలో తేడా నాలుగు నెలలు కూడా లేదు! ఉద్యోగాలు మారడం తరం లక్షణం కాదు, వయసు లక్షణం.

మరి తేడా ఎక్కడుంది? అడిగే ప్రశ్నల్లో ఉంది. మనం "జీతమెంత? గ్రీన్ కార్డ్ ఫైల్ చేస్తారా?" అని అడిగాం. వీళ్ళు జీతంతో పాటు "ఇక్కడ నేనేం నేర్చుకుంటాను?" అని కూడా అడుగుతారు. ఏడాదికోసారి రివ్యూ చేసి చేతులు దులుపుకునే మేనేజరు వీళ్ళకి నచ్చడు. గాలప్ సంస్థ 2016 నివేదికలో, ఉద్యోగంలో ఎదుగుదల ముఖ్యమన్న మిలీనియల్స్ 87 శాతం. పనిలో మనసు లగ్నమైనవారు మాత్రం 29 శాతమే. అసంతృప్తి అంతా ఆ రెండు అంకెల మధ్యనే ఉంది.

మనం అడగకపోవడానికి కారణం హెచ్-1బి. ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి ఇప్పుడు గరిష్ఠంగా 60 రోజులు ఇస్తున్నారు. 2017 జనవరి దాకా అదీ లేదు. అందుకే రాత్రి పదింటికి ఫోన్ వచ్చినా "సరే" అన్నాం. అది ఓర్పే, కాదనను. కానీ అందులో భయం పాలు కూడా ఉంది. ఇక్కడే పుట్టి పెరిగినవారికి ఆ భయం లేదు. అది తల్లిదండ్రులు కష్టపడి సంపాదించి పెట్టిన ఆస్తే కదా! వీసా మీద ఉన్న మిలీనియల్స్ పరిస్థితి వేరు. కోరికలు ఈ తరానివి, సంకెళ్ళు మన తరానివి.

యువతకీ ఓ మాట. మానేసే ముందు మీకేం కావాలో మేనేజరుని ఒక్కసారి సూటిగా అడగండి. 401కెలో కంపెనీ వేసిన వాటా పూర్తిగా మీదయ్యే గడువు చూసుకోండి. వీసా మీద ఉంటే, కొత్త కంపెనీ పిటిషన్ దాఖలు చేశాకే పాతది వదలండి.

ఇక అమ్మానాన్నలకి... ఈసారి అబ్బాయో అమ్మాయో ఫోన్ చేసి ఉద్యోగం మారుతున్నామంటే "మళ్ళీనా?" అనకండి. "అక్కడ నీకు ఏం దొరకలేదురా?" అని అడిగి చూడండి. సంభాషణ తప్పకుండా మారుతుంది!