చెయ్యి తప్పుదారి చూపిన రోజు

2010 ఫిబ్రవరి 23. వాంకూవర్ శీతాకాల ఒలింపిక్స్‌లో పది వేల మీటర్ల స్పీడ్ స్కేటింగ్. గీత దాటగానే నెదర్లాండ్స్ స్కేటర్ స్వెన్ క్రామెర్ చేతులు పైకెత్తాడు. అతని సమయం 12 నిమిషాల 54.50 సెకన్లు. అప్పటిదాకా ముందున్న దక్షిణ కొరియా స్కేటర్ లీ సుంగ్ హూన్ కన్నా నాలుగు సెకన్లు తక్కువ. అంతలో కోచ్ గెరార్డ్ కెమ్‌కెర్స్ దగ్గరికొచ్చి సంగతి చెప్పాడు. క్రామెర్ కళ్లద్దాలు తీసి విసిరికొట్టాడు. బంగారు పతకం చేతికి రాకముందే పోయింది.

ఈ ఆటలో మంచు ట్రాక్ ఒక చుట్టు 400 మీటర్లు. లోపలి వరసలో ఒకరు, బయటి వరసలో ఒకరు, జంటగా పరుగు పెడతారు. లోపలి మలుపు చిన్నది కాబట్టి ప్రతి చుట్టులోనూ ఒకసారి ఇద్దరూ వరసలు మార్చుకోవాలి. పది వేల మీటర్లంటే ఇలా 25 చుట్లు, గంటకు 46 కిలోమీటర్ల వేగంతో, నడుం వంచి, పదమూడు నిమిషాల పాటు. తొడలు భగ్గుమంటున్నప్పుడు ఏ చుట్టులో ఉన్నామో, ఏ వరస మనదో గుర్తుండడం కష్టం. అందుకే కోచ్ అంచున నిలబడి అంకెల పలక చూపిస్తూ ఉంటాడు. ఆటగాడి లెక్కంతా ఆ మనిషిదే.

వాంకూవర్‌లో ఆ రోజు ఇంకా ఎనిమిది చుట్లు మిగిలి ఉన్నాయి. క్రామెర్ సరిగ్గానే బయటి వరసకు వెళ్తున్నాడు. కెమ్‌కెర్స్ లోపలికి వెళ్లమని సైగ చేశాడు. క్రామెర్ ఒక్క క్షణం తటపటాయించాడు. ఆఖరి క్షణంలో కాలు గీత మీదుగా లోపలికి వేశాడు. తన కళ్లకు కనబడిన దారిని కాదని కోచ్ మాట నమ్మాడు. ఆ ఒక్క అడుగుకే అనర్హత వేటు పడింది.

ఆ రోజు కెమెరాల ముందు క్రామెర్ కోపం దాచుకోలేదు. దాచుకోవాల్సిన అవసరమూ లేదు. కెమ్‌కెర్స్ కూడా తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఆయనా ఒకప్పటి స్కేటరే, 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినవాడు. చేజారినదాని విలువ తెలియనివాడు కాదు. స్కేటింగ్ అంటే ప్రాణం పెట్టే దేశంలో ఆ వారమంతా ఇదే చర్చ. కోచ్‌ని మార్చి ఉంటే క్రామెర్‌ని ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

క్రామెర్ మార్చలేదు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు, కలిసే కొనసాగారు. నెల తిరక్కుండానే క్రామెర్ సొంతూరు హీరెన్‌వీన్‌లో ప్రపంచ ఆల్‌రౌండ్ టైటిల్ (పలు దూరాలు కలిపి తేల్చేది) వరసగా నాలుగోసారి గెలిచాడు. తర్వాతి సీజన్ మొత్తం గాయం మింగేసింది. అయినా ఆ జంట విడిపోలేదు. 2014 సోచి ఒలింపిక్స్‌లో, వాంకూవర్‌లోలాగే, 5,000 మీటర్ల బంగారం మళ్లీ అతనిదే, ఈసారి 6 నిమిషాల 10.76 సెకన్ల ఒలింపిక్ రికార్డుతో. అంచున పలక పట్టుకున్నది అదే కెమ్‌కెర్స్. ఒక ఆటగాడి జీవితంలో ఇంతకన్నా పెద్ద గెలుపు నాకు కనబడదు.

క్రామెర్ పేరెత్తితే చాలామంది వాంకూవర్ దగ్గరే ఆగిపోతారు. ఇది అన్యాయం. 2010, 2014, 2018... మూడు ఒలింపిక్స్‌లో వరసగా 5,000 మీటర్ల బంగారం గెలిచాడు. స్పీడ్ స్కేటింగ్‌లో అంతకుముందు ఏ పురుషుడికీ ఒకే పోటీలో మూడు బంగారాలు లేవు. ప్రపంచ ఆల్‌రౌండ్ టైటిళ్లు తొమ్మిది. ఒలింపిక్ పతకాలూ తొమ్మిదే, అందులో బంగారాలు నాలుగు. తండ్రి యెప్ క్రామెర్ కూడా ఒలింపిక్స్‌లో పాల్గొన్న స్కేటరే కాబట్టి మంచు అతనికి పుట్టింటి నేల.

పది వేల మీటర్ల ఒలింపిక్ బంగారం మాత్రం ఎప్పటికీ దక్కలేదు. ఆ దూరంలో 2007లో అతను నెలకొల్పిన ప్రపంచ రికార్డు ఎనిమిదేళ్లు నిలిచింది. ప్రపంచ చాంపియన్ కూడా అయ్యాడు. కానీ సోచిలో తన దేశానికే చెందిన యోరిట్ బెర్గ్స్మా ముందుకు దూసుకెళ్లడంతో రజతంతో సరిపెట్టుకున్నాడు. 2018 ప్యాంగ్‌చాంగ్‌లో ఆరో స్థానం. అక్కడ గెలిచింది కెనడా తరఫున ఆడిన టెడ్ యాన్ బ్లూమెన్, నెదర్లాండ్స్‌లోనే పుట్టినవాడు. క్రామెర్ రికార్డు బద్దలు కొట్టిందీ అతనే.

వాంకూవర్‌లో ఆ పతకం చివరికి లీ సుంగ్ హూన్‌కి వెళ్లింది. పతకాల వేదిక మీద రష్యాకి చెందిన ఇవాన్ స్కోబ్రెవ్, నెదర్లాండ్స్‌కి చెందిన బాబ్ డి యోంగ్ కలిసి లీని భుజాల మీదికి ఎత్తుకున్నారు. మూడో స్థానంలో ఉన్న డి యోంగ్‌ది క్రామెర్ దేశమే. కెమ్‌కెర్స్ సోచి అయ్యాక స్కేటింగ్ వదిలి ఫుట్‌బాల్ క్లబ్‌లో చేరాడు. క్రామెర్ 2022 బీజింగ్ దాకా ఆడాడు. అక్కడ 5,000 మీటర్లలో తొమ్మిదో స్థానంలో నిలిచి, ఆ ఒలింపిక్స్‌తోనే స్కేట్లు విప్పేశాడు.