బంగారం కాగితం తెలుగులో ఎందుకుండదు?

పత్తి పైసలు చేతికి రాగానే మా చందుర్తి వైపు ఇళ్ళల్లో మొదట గుర్తొచ్చేది బంగారమే. దుబాయి నుంచి వచ్చిన పైసలదీ అదే దారి. ఇందుకు పెద్దలను తప్పు పట్టలేం. కరువొచ్చిన ఏడు కుదువబెట్టుకోవడానికి అక్కరకొచ్చింది అదే. ఇప్పుడు సెల్‌ఫోనులోనే బంగారం కొనవచ్చునని విని, "అదేందో చదివి చెప్పురా" అని ఇంట్లో అడిగేది డిగ్రీ చదివే మనలనే. మనం ఎక్కడ చూసి చెబుతున్నాం?

వీడియోల్లో. తెలుగులో వినసొంపుగానే ఉంటాయి. కాని చాలా వాటి కింద ఖాతా తెరిచే లింకు ఒకటుంటుంది. ఆ దారిన ఖాతా తెరిస్తే చెప్పినాయనకు కమీషన్ ముట్టవచ్చు. కమీషన్ సంగతి రైతుబిడ్డలకు వేరే చెప్పాలా!

డిజిటల్ గోల్డ్, గోల్డ్ ఇ.టి.ఎఫ్. ఒకటేనని చాలామంది అనుకుంటున్నారు. కావు. ఇ.టి.ఎఫ్. అంటే ఎక్స్ఛేంజ్ ట్రేడెడ్ ఫండు. మ్యూచువల్ ఫండు సంస్థ బంగారం కొని భద్రపరచి యూనిట్లు ఇస్తుంది. డీమాట్ ఖాతా ఉన్నవారు వాటిని షేర్లలాగే కొనవచ్చు, అమ్మవచ్చు. మన దేశంలో ఇవి 2007 నుంచి ఉన్నాయి, సెబీ అదుపులో నడుస్తాయి. డిజిటల్ గోల్డ్ తన అదుపులో లేదని 2025 నవంబరులో ఆ సెబీయే హెచ్చరించింది. మా ఊళ్ళో నేనడిగిన ఒక్కరూ ఆ మాట వినలేదు.

అసలు సమాచారం ఎవరూ దాచలేదు. ఫండు సంస్థ వెబ్‌సైటులో పథకం పత్రం, ఫ్యాక్ట్‌షీటు ఉంటాయి. ఆంఫీ వెబ్‌సైటులో యూనిట్ అసలు విలువ, అంటే ఎన్.ఎ.వి., ఎన్.ఎస్.ఇ. వెబ్‌సైటులో ఆ పూట ధర దొరుకుతాయి. అన్నీ ఉచితమే. ఏటా ఎంత ఖర్చు కోస్తారో చూడాలి. ట్రాకింగ్ ఎర్రర్ చూడాలి. ఇది సైన్సు విద్యార్థికి కొత్తదేమీ కాదు, ఫండు రాబడికీ బంగారం రాబడికీ మధ్య తేడా ఎంత ఊగిందో చెప్పే ప్రామాణిక విచలనమే. అన్నిటికన్నా ముఖ్యం ధరకూ అసలు విలువకూ ఉన్న తేడా. 2025 అక్టోబరులో వెండికి కొరత వచ్చి, వెండి ఇ.టి.ఎఫ్.లు అసలు విలువకు మించి అమ్ముడుపోయాయి. రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూసినవారు ఆగి ఉంటారు.

చిక్కల్లా భాషతోనే. ఆ పత్రాలు ఇంగ్లీషులో, వకీలు నోటీసు మాదిరిగా ఉంటాయి. పత్తిలో తేమ శాతం, తరుగు నోటిమీద లెక్కగట్టే మా బాపుకు ఖర్చు శాతం అర్థం కాదా? తెలుగులో చెప్పాలె, అంతే. పురుగుమందుతో ప్రాంతీయ భాషలో కరపత్రం ఇవ్వాలని నిబంధన ఉంది. మన కష్టార్జితం పెట్టే పథకానికి రెండు పేజీల తెలుగు పత్రం ఎందుకు తప్పనిసరి చేయరాదు?

అందాకా మన విద్యార్థి సంఘమే ఒక గోల్డ్ ఇ.టి.ఎఫ్. పత్రాన్ని తెలుగు చేయించి నోటీసు బోర్డుకు పెట్టాలని నా సూచన. కామర్సు మిత్రులు తోడొస్తే మొదటి పది పేజీలు నేను రాస్తాను.