మంచం కింద నవ్వు

మొన్న ఒక సభలో ఒక పెద్దమనిషి గురజాడవారి 'దిద్దుబాటు' కథ గురించి మాట్లాడుతూ, "కమలిని ఉత్తమ ఇల్లాలు. మొగుడు దారి తప్పినా గడప దాటలేదు" అన్నాడు. హాలంతా చప్పట్లు. నా పక్కావిడ కూడా కొట్టింది!

అయ్యా, మీరా కథ ఎప్పుడు చదివారు? 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చిన చిన్న కథ. కుంపటి మీద పప్పు ఉడికేలోపు చదివెయ్యొచ్చు.

గడప దాటని మాట నిజమే. కానీ ఆ సంగతి గోపాలరావుకి తెలీదుగా! రాత్రి ఒంటిగంటకి ఇల్లు చేరిన అతనికి భార్య కనపడలేదు, ఉత్తరం కనపడింది. అందులో మొదటి మాటే చూడండి. 'ప్రియా' అని ఉండాల్సిన చోట 'అయ్యా' అని ఉంది. (నేను పైన వాడిన 'అయ్యా' కూడా ఆ జాతిదే.) సానిపాటకి వెళ్ళారని ఏడవదావిడ. మీటింగులంటూ చెప్పిన అబద్ధాన్ని పట్టుకుంటుంది. నేనింట్లో ఉండబట్టే కదా మీకీ అబద్ధాల అవస్థ, నేను పోతే అది తప్పుతుంది, అంటుంది.

"భర్త మేలు కోరడం సతి కర్తవ్యమని కూడా రాసిందిగా!" అంటారేమో. రాసింది, కాదనను. ఆ మాట అని చేస్తానన్న పనేమిటి? పుట్టింటికి పోవడం! పైగా సంతోషించమంటుంది. ఇది అణకువా, వెటకారమా? "సరే, మీ ఇష్టం" అనే మాట మనం ఎన్ని రకాలుగా అంటామో ఆడవాళ్ళకి నేను చెప్పాలా?

రచయిత ధోరణి కూడా చూడండి. నౌకరు రాముడి వీపు మీద ఛెళ్ళున కొట్టిన గోపాలరావుని ఆ వెంటనే దయగల మనిషంటాడు. రాముడి చేతిలో రూపాయి పడుతుంది. ఇంత నవ్వుతూ వాత పెట్టే మనిషి రాసిన 'కర్తవ్యం' అన్న మాటని పురాణంలో మాటలా చదివితే ఎలా?

ఇక మంచం కింద దాక్కోవడం. భయంతో అనుకున్నారు కాబోలు! ఎదురుగా ఉంటే అతను మరో మీటింగు కథ అల్లేవాడు. ఆవిడ లేదనుకున్నాడు కాబట్టే తనకి బుద్ధి వచ్చిందనీ, ఇక రాత్రులు ఇల్లు కదలననీ రాముడితో కబురు పంపబోయాడు. అదంతా చెవులారా విన్నాకే ఆవిడ నవ్వింది, గాజులు గలగలలాడాయి.

వచ్చే నెల మళ్ళీ ఆ సభ ఉంది. పుస్తకం నేను పట్టుకెళ్తాను. పక్కావిణ్ణి కూడా ఈలోగా కథ చదువుకు రమ్మన్నాను.