పెరటి కూరగాయలు మిగిలితే పచ్చడే పెట్టాలా?

ఎండలు ముదిరే రోజుల్లో మన పెరళ్ళలో టమాటాలు, వంకాయలు, గోరుచిక్కుళ్ళు ఒక్కసారిగా కాపుకొస్తాయి. ఇంట్లో వండుకుని, ఇరుగుపొరుగుకు పంచినా ఇంకా మిగులుతాయి. వాటిని పారవేయకుండా దాచుకోవడం మంచి అలవాటే. కాని దాచుకోవడమంటే జాడీ నిండా పచ్చడి పెట్టడమే అనుకోవడం సరికాదని మా అభిప్రాయం.

బి.పి. పెరిగి, కాళ్ళు వాచి వార్డులో చేరినవారిని ఏమి తిన్నారని అడుగుతుంటాము. "ఏమీ లేదు సిస్టరమ్మా, రెండు ముద్దలు పచ్చడితో తిన్నాను" అంటారు. అందులోని ఉప్పు మాత్రం వారి లెక్కలో ఉండదు. పెద్దవారు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక చిన్న చెంచాడు. అలాగని నిల్వ పచ్చడిలో ఉప్పు తగ్గించడమూ క్షేమం కాదు. అది పాడవకుండా కాపాడేది ఆ ఉప్పే కదా!

అందుకే పచ్చడి కొద్దిగా పెట్టుకుని, మిగిలినవి మన పెద్దలు చేసినట్లు ఒరుగులు చేసుకోమంటాము. దీనికి ఉప్పు తప్పనిసరి కాదు. వంకాయలు, టమాటాలు కడిగి, తడి తుడిచి పలుచగా తరగాలి. గోరుచిక్కుళ్ళను మరిగే నీటిలో కొద్ది నిమిషాలు ఉంచి తీయాలి. శుభ్రమైన గుడ్డపై పరచి, పైన పలుచని బట్ట కప్పి మంచి ఎండలో పెట్టాలి. రాత్రి మంచు తగలకుండా లోపలికి తేవాలి. విరిస్తే పెళుక్కున విరిగేదాకా ఎండాలి. మునగాకు, కరివేపాకు మాత్రం నీడలోనే ఆరబెట్టండి. ఎండకు వాటిలోని విటమిన్ 'ఎ' నిచ్చే పదార్థం తగ్గిపోతుంది.

బాగా చల్లారాక పొడి సీసాలో పోసి, మూత గట్టిగా బిగించండి. తడి చెంచా ముంచవద్దు. వానాకాలంలో అప్పుడప్పుడు తీసి చూడండి. బూజు కనిపిస్తే పైపైన తీసివేసి వాడుకోకండి, మొత్తం పారవేయండి. ఆ విషం కంటికి కనిపించినంత మేరకే ఉంటుందనుకోకూడదు.

ఒరుగులు తాజా కూరలకు సాటి కావు. విటమిన్ 'సి' చాలావరకు పోతుంది. అయినా పీచు, ఖనిజాలు నిలుస్తాయి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరుగారిని అడిగే వాడాలి. ఎండినవాటిలో పొటాషియం ఎక్కువ మోతాదులో చేరుతుంది.

శ్రావణంలో కూరల ధరలు పెరిగిన రోజున గుప్పెడు ఒరుగులు నానబెట్టి పప్పులో వేయండి. ఆ పూట పచ్చడి జాడీ అటకమీదే ఉంటుంది. మా వార్డులో ఒక మంచమూ ఖాళీగా ఉంటుంది. మేము కోరేది అదే.